నాలుగు చూపించిన మిషను

గుండ్లమిట్టలో పాల కూలరు రిపేరుకు నేను పోయింది మార్చి మొదటి వారంలో. పాకాల నుంచి దామలచెరువు దారిలో పోయి, ఎడమకు తిరిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దునా సాయంత్రం తెచ్చి పోసే పాలను ఆ స్టీలు తొట్టి నాలుగు డిగ్రీలకు చల్లబరచాలి. పొద్దున పదింటికి కంపెనీ ట్యాంకరు వచ్చి చిత్తూరుకు తీసుకుపోతుంది. పాలు సరిగా చల్లబడకపోతే దారిలోనే పులుస్తాయి.

ఆ సెంటరును అప్పట్లో జెస్సీ చూసుకునేది. ముప్పై ఏళ్ళుంటాయి. ఊరికి పడమటి పక్క కాలనీలో ఇల్లు. పాలు కొలిచి తీసుకోవడం, మిషను వేయడం, ట్యాంకరు పోయినాక తొట్టి కడగడం ఆమె పని. నేను పోయేసరికి కడుగుతోంది. మరిగిన నీళ్ళలో సోడా కలిపి, నడుము దాకా తొట్టిలోకి వంగి బ్రష్షుతో రుద్దింది. మూడుసార్లు నీళ్ళు పోసి వదిలింది. మూతను ఎండకు తిప్పి పెట్టేముందు దాని అంచు వాసన చూసింది. నేను పదకొండు సెంటర్లకు తిరుగుతాను. మూత అంచు వాసన చూసే మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

"ఎలక కొరికింది మునెయ్యన్నా. నెంబరు రావడం లేదు. ఉత్త గీతలు వస్తాండాయి," అంది.

సెన్సర్ వైరు తెగింది. తొట్టి కింద చిన్న మూత ఉంటుంది. దాని వెనక ఒక సన్న గొట్టం తొట్టిలోకి పొడుచుకుని, పాల మధ్యలో ఉంటుంది. సెన్సర్ ఆ గొట్టంలో ఉండాలి. అప్పుడే పాల వేడి ఎంతో దానికి తెలుస్తుంది. నా సంచిలో ఉన్న సెన్సర్ ఆ గొట్టం కంటే ఒక నూలుపోగంత ఎక్కువ లావు. గొట్టంలోకి పోలేదు. తిప్పి చూశాను, గ్రీసు పూసి చూశాను. పోలేదు.

సన్నది కావాలంటే తిరుపతికి పోయి తేవాలి. అప్పటికే అలిపిరి దగ్గర ఒక హోటలు నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. వాళ్ళ కోల్డ్ రూము ఆగిపోయింది, లోపల పెరుగు, కూరగాయలు ఉన్నాయి. నేను సెన్సర్‌ను గొట్టం పక్కన, తొట్టి అడుగున చలి పుట్టే రేకుకు ఆనించి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేశాను. రేపు వచ్చి సన్నది పెట్టొచ్చు అనుకున్నాను. మిషను వేస్తే నెంబరు గబగబా దిగి నాలుగు చూపించింది.

"అయిపోయిందా అన్నా?"

"అయిపోయింది."

ఇరవై రెండేళ్ళుగా నేను చేసేది ఈ పనే. బేకరీల ఫ్రీజర్లు, ఐస్‌క్రీం పెట్టెలు, పూలు పెట్టే కోల్డ్ రూములు. చల్లబడడం లేదని పిలిస్తే పదింట్లో ఆరు చోట్ల కాయిల్‌కు దుమ్ము పట్టి ఉంటుంది. రెండు చోట్ల తలుపు రబ్బరు పోయి ఉంటుంది. తలుపులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే ఊరికే వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. గ్యాసు కారుతోందా లేదా అన్నది సబ్బు నురగ చెబుతుంది. సంచి తెరిచేముందు కాసేపు మిషను దగ్గర ఊరకే నిలబడాలి. చప్పుడు వినాలి, గొట్టాలను చేత్తో తాకాలి. పక్క మనిషిని ఏం జరిగిందో అడగాలి. రోజంతా దానితో ఉండేది ఆ మనిషే. ఇదంతా నాకు తెలుసు. ఆ రోజు మాత్రం నెంబరు చూసి బయల్దేరాను.

మర్నాడు పోలేదు. నెంబరు వస్తోంది కదా అని మర్చిపోయాను.

నాలుగైదు రోజులకు జెస్సీ ఫోన్ చేసింది. నేను చంద్రగిరిలో ఒక స్వీటు షాపు ఫ్రీజర్ కింద పడుకుని ఉన్నాను.

"అన్నా, మిషను గడియగడియకూ ఆగతాండాది. మళ్ళీ దానికదే మొదలవతాండాది. ముందు ఇట్ల లేదు."

"నెంబరెంత?"

"నాలుగే. అయినా కొలకర్ర తీసి పట్టుకుంటే ముందు మాదిరి చెయ్యి జిల్లుమనడం లేదన్నా."

పాలు ఎంత ఎత్తున ఉన్నాయో చూసే స్టీలు కడ్డీని అక్కడ కొలకర్ర అంటారు. చెయ్యి జిల్లుమనడం లేదు అన్న మాటలోనే ఉంది జబ్బంతా. వేరే ఎవరైనా మెకానిక్ ఆ మాట నాతో అని ఉంటే బండి తీసి ఉండేవాణ్ణి. నేనేమన్నానంటే, "మిషను కంటే నీ చెయ్యి ఎక్కువా తల్లీ? నాలుగంటే నాలుగే. పో, పని చూసుకో."

"అట్లనా. సరేలే అన్నా," అని పెట్టేసింది.

ఏప్రిల్‌లో ఎండ ముదిరింది. మూడు వారాల్లో మూడుసార్లు గుండ్లమిట్ట పాలు చిత్తూరులో పులిసిపోయాయని వెనక్కి పంపారు. మూడోసారి తిరిగొచ్చిన పాలను ఊరి బయట కాలవలో పారబోశారట. సెంటరులో ఆ పాలు పోసినవాళ్ళు గట్టున నిలబడి చూశారట. ఆ సాయంత్రమే పాల సంఘం ప్రెసిడెంటు దేవరాజులు అందరినీ పిలిచాడు. కంపెనీ తరఫున రూటు సూపర్‌వైజరు మునిప్రసాద్ వచ్చాడు. మిషను చూశాడు, నాలుగు చూపిస్తోంది. మిషను బాగుంది కాబట్టి తొట్టి కడగడంలోనే తప్పుందని తేల్చారు.

ఆ తేల్చడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదని మునిప్రసాదే నాకు ఫోన్లో చెప్పాడు. ఊళ్ళో ఎక్కువ పాలు పోసేది చంద్రకాంతమ్మ. ఆమె, "నేను ఆ పొద్దే చెప్పినా, ఆ కాలనీ చేతికి పాలతొట్టి ఇయ్యొద్దని. చేతి శుద్ధం ఉండొద్దా?" అందట. ఎవరూ కాదనలేదట. జెస్సీని మాన్పించి, చంద్రకాంతమ్మ కోడలు కోమలిని పెట్టారు.

"మిషను దగ్గర నీ పని బాగుండాది మునెయ్యా, నీకేం సంబంధం లేదు," అన్నాడు మునిప్రసాద్.

నేను ఊ అన్నాను. ఫోన్ పెట్టేశాక సైకిల్ ట్యూబు ముక్క గుర్తొచ్చింది. అయినా వెంటనే పోలేదు. ఆరు రోజులు ఆగి, ఫ్యాను చప్పుడు చేస్తోందని కోమలి పిలిస్తే పోయాను.

మే మొదట్లో అది. కోమలి కొత్త కదా, తొట్టి పక్కన భయంగా నిలబడి ఉంది. "ఫ్యాను ఊరికే కీచుమంటాది అన్నా. మా అత్త అంటాది, దాన్ని కూడా జెస్సీనే సెడగొట్టి పోయిందని," అని నవ్వింది. తర్వాత తాగే నీళ్ళు తెస్తానని ఇంటికి పోయింది. నేను మూత ఎత్తి గాజు థర్మామీటరు పాలలో ముంచాను. బయట నెంబరు నాలుగు. థర్మామీటరు పదకొండు.

రేకుకు ఆనించిన సెన్సర్ రేకు చలిని చూసి నాలుగు అంటోంది. అది నాలుగు అనగానే మిషను ఆగిపోతోంది. పాలు పదకొండులోనే ఉండిపోతున్నాయి. తొట్టి నున్నగా ఉంది. ఏ మూలా జిడ్డు లేదు.

సంచిలో సన్న సెన్సర్ ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడు వేసుకున్నాను. అంటే ఇంట్లో ఉన్నప్పుడే నాకు తెలుసన్నమాట. ట్యూబు ముక్క కోసి, లావు సెన్సర్ పీకి, సన్నదానికి గ్రీసు పూసి గొట్టంలో పెట్టాను. నెంబరు పదకొండుకు ఎక్కింది. కంప్రెసర్ మొదలై ఈసారి ఆగలేదు. కోమలి నీళ్ళ చెంబుతో వచ్చేసరికి ఎనిమిదికి దిగింది.

"ఏమైందన్నా? నెంబరు ఎక్కువ చూపిస్తాండాది."

"ఏం లేదమ్మా. దుమ్ము దులిపినా. దిగిపోతాదిలే."

ఆ మాట అన్నది నేనే. జెస్సీ పేరు ఆ మాటతో ఇంకో అడుగు కిందికి పోతుందని ఆ క్షణం నాకు తోచలేదు. తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి గుండ్లమిట్ట పాలు ఒక్కసారి కూడా పులవలేదు. ఇంకో సెంటరులో టీ తాగుతుంటే మునిప్రసాద్ అన్నాడు, "సూసినావా మునెయ్యా, ఆయమ్మి పోయినాక ఒక్క కంప్లెయింటు లేదు. చెయ్యి మారితే పాలు మారతాయి." పక్కనున్నవాళ్ళు తలలూపారు. నేను సెన్సర్ సరిచేసి జెస్సీ మీద సాక్ష్యం చెప్పినట్టయింది. పని బాగా జరిగేకొద్దీ ఆ సాక్ష్యం గట్టిపడుతోంది. తిరిగి పాడుచేయలేను, నోరు తెరిచి చెప్పలేను. చెబితే పదకొండు సెంటర్ల పని పోతుంది. మునెయ్య చెయ్యి పెడితే పాలు పులుస్తాయి అంటారు. ఆ మాట జెస్సీని అంటున్నప్పుడు విని ఊరుకున్న నాకు, నన్ను అంటారేమోనని భయం.

జూన్ మధ్యలో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కోల్డ్ రూము తలుపు చూడడానికి పోయాను. పొడవాటి షెడ్డులో బల్లలకు రెండు పక్కలా ఆడవాళ్ళు నిలబడి తోతాపురి కాయల చెక్కు తీస్తున్నారు. వాసనకు తల తిరుగుతోంది.

"మునెయ్యన్నా!"

జెస్సీ. తలకు గుడ్డ, చేతిలో కత్తి. దారి లేక ఆగాను.

"ఈడ పని చేస్తాండావా?"

"సీజనంతా ఈడనే. చేతులు సూడు, కాయల జీడి కారి ఎట్ల పొక్కినాయో." చూపించి మళ్ళీ కాయ అందుకుంది. "కూలరు బాగుండాదా?"

"బాగుండాది."

"ఇప్పుడు పాలు పులవడం లేదంట గదా. కోమలి బాగా కడగతాదంట." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. "నేను యాడ తప్పు చేసినానో తెలీలేదన్నా. సోడా తక్కువేసినానా, నీళ్ళు సరిగ్గా మరగలేదా? ఆ కడమూల బ్రష్షు ఎక్కదు, ఆడ ఏమన్నా నిలిచిపోయినాదా అని రోజూ అనుకుంటా. ఇంట్లో గిన్నె కడిగినా రెండుసార్లు వాసన చూస్తా. మా అత్త నగతాది, గిన్నెను ముద్దు పెట్టుకుంటాండావా మే అని."

పక్కన ఉన్న ఆమె నవ్వింది. జెస్సీ కూడా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "రెండు నిమిషాలు బయటికి రా," అన్నాను. మేస్త్రీ వైపు చూసి వచ్చింది. కాయల బుట్టలు పేర్చిన చోట నిలబడి చెప్పాను. సెన్సర్, గొట్టం, ట్యూబు ముక్క. ఆమెకు అర్థం కావడానికి ఎక్కువ మాటలు పట్టలేదు. ఆ మిషనును నాకంటే ఎక్కువ చూసిన మనిషి.

"తప్పు నీది కాదు, నాది."

ఆమె కత్తికి అంటిన గుజ్జును బుట్ట అంచుకు తుడిచింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మే మొదట్లో."

"నలభై దినాలు."

"అవును."

"నలభై దినాలూ నేను గిన్నెలు వాసన చూస్తానే ఉండానన్నా."

నేల మీద మామిడి టెంకల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి.

"నాకు చెప్తే ఏమొస్తాది?" అంది. గొంతు పెంచలేదు. "ఆడ చెప్పు. పొద్దున్నే ఆరింటికి అందరూ క్యాన్లు పట్టుకుని నిలబడతారు గదా, అప్పుడు చెప్పు. మునిప్రసాద్ సారుకు ఫోన్ చేసి సరిపెట్టొద్దు."

లోపలికి పోయింది. నేను కోల్డ్ రూము తలుపుకు రబ్బరు మార్చి ఇంటికి వచ్చాను.

మర్నాడు ఆరు కాకముందే గుండ్లమిట్ట చేరాను. ఇరవై మంది దాకా ఉన్నారు. కోమలి పాలు కొలుస్తోంది. దేవరాజులు అరుగు మీద కూర్చుని పళ్ళు తోముతున్నాడు.

"ఏమప్పా, ఇంత పొద్దున్నే? మిషను మాకు చెప్పకుండా నీకు ఫోన్ చేసిందా ఏంది?" అన్నాడు.

"అందరికీ ఒక మాట చెప్పాల," అన్నాను. నలుగురిలో మాట్లాడడం నాకు చేతకాదు. అయినా చెప్పాను. పాలు పులిసింది జెస్సీ వల్ల కాదు, నేను సెన్సర్ తప్పుచోట పెట్టడం వల్ల అని.

చంద్రకాంతమ్మ క్యాను కింద పెట్టి, "ఆయమ్మి ఏమన్నా చెప్పి పంపించిందా నాయనా?" అంది.

"పంపించింది. నిజమే చెప్పమనింది."

"మంచోడివిలేప్పా," అన్నాడు దేవరాజులు నోట్లో బ్రష్షుతోనే. "ఆయమ్మి పిల్లోళ్ళు గల మనిషి, పని పాయెనని జాలిపడి నీ మీద ఏసుకుంటాండావు. మాకు తెలీదా?"

అందరూ మెత్తబడ్డారు. నా వైపు దయగా చూస్తున్నారు. తప్పు ఒప్పుకుంటే తిడతారనుకున్నాను. ఇట్లా మెచ్చుకుంటారని అనుకోలేదు. ఆ మెప్పు తీసుకుని బండి ఎక్కితే నా పని ఉంటుంది, నేను చెప్పినట్టూ ఉంటుంది. జెస్సీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒక క్షణం ఆ దారి నాకు కనిపించింది. కనిపించలేదని అబద్ధం చెప్పను.

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాను. అప్పుడే పోసిన పాలతో నెంబరు పదిహేడులో ఉంది. తొట్టి కింది మూత విప్పి, గొట్టంలోంచి సెన్సర్ బయటికి లాగి, వేలితో రేకుకు అదిమిపట్టాను.

"నెంబరు గట్టిగా సదువు కోమలీ."

"పదిహేడు... పద్నాలుగు... పది... అయ్యో, ఏందన్నా ఇది? ఏడు... అయిదు... నాలుగు!"

మిషను టక్కున ఆగింది.

"చంద్రకాంతమ్మా, కొలకర్ర తీసి పట్టుకో."

తీసి పట్టుకుంది. చెయ్యి మార్చి మళ్ళీ పట్టుకుంది. "ఇది సల్లగా యాడుండాది?" అంది. "నాలుగంటాండాది గదా?"

"ఏప్రిల్ అంతా ఇట్లనే ఉండింది."

కొలకర్ర చేతులు మారింది. ఒక్కొక్కరూ పట్టుకుని పక్కవాళ్ళకు ఇస్తున్నారు. ఈసారి ఎవరూ నన్ను మంచోడివి అనలేదు. దేవరాజులు లేచి నోరు కడుక్కుని వచ్చాడు. ముఖం మారింది.

"సరేప్పా. నీ తప్పే అనుకుందాం. ఆయమ్మి దినామూ దీని దగ్గరే ఉండె గదా? ఆమెకైనా తెలియాల్నా వద్దా? అప్పుడే ఒక మాట చెప్పుంటే ఇంత దూరం వచ్చేదా?"

ఈ ఒక్క మాట అడగరని నేను లోపల ఆశపడ్డాను. అందుకే అంతకుముందు దాన్ని చెప్పకుండా దాటవేశాను.

"చెప్పింది," అన్నాను. "నాలుగైదు దినాలకే నాకు ఫోన్ చేసి చెప్పింది. కొలకర్ర పట్టుకుంటే చెయ్యి జిల్లుమనడం లేదని. నేనే, మిషను కంటే నీ చెయ్యి ఎక్కువా అన్నాను."

వెనక నుంచి ఎవరో "థూ" అన్నారు. అది నాకు తగిలింది. తగలాల్సిందే.

దేవరాజులు పక్కకు పోయి మునిప్రసాద్‌కు ఫోన్ చేశాడు. రెండు నిమిషాల్లో మునిప్రసాద్ నాకు చేశాడు. తిట్టలేదు. "రేపట్నుంచి ఈ రూటుకు రావొద్దులే మునెయ్యా," అని పెట్టేశాడు. నేను సెన్సర్‌ను తిరిగి గొట్టంలో పెట్టాను. నెంబరు పదహారుకు ఎక్కి, మిషను మొదలైంది.

"ఇంగ ఆయమ్మిని పిలవాల గదా," అన్నారు ఎవరో.

"ఫోన్ చేసి రమ్మందాం," అన్నాడు దేవరాజులు.

"మాన్పించేటప్పుడు ఎదురుగా నిలబెట్టి మాన్పిస్తిమి. ఇప్పుడు ఫోనా?" అంది కోమలి. అందరూ ఆమె వైపు తిరిగారు. "నాకేమీ బాధ లేదు మామా. తెల్లారుజామున లేచే పని తప్పుతాది. ఆమె కడిగినంత బాగా నేను కడగను గూడా. మా అత్తకు తెలుసు."

చంద్రకాంతమ్మ కోడలిని ఒక చూపు చూసింది. కొంగు చుట్టి నడుముకు దోపుకుంది. "ఏడింటికి ఆ ఫ్యాక్టరీ బస్సొస్తాది. ఆలోపలే పోవాల," అని నడిచింది. ఇంకో ఇద్దరు వెంట పోయారు. వాళ్ళలో ఎవరైనా కాలనీ వీధిలో అడుగుపెట్టి ఎన్నాళ్ళైందో నాకు తెలియదు.

"నువ్వూ పోప్పా," అన్నాడు దేవరాజులు.

"పాలు నాలుగుకు దిగేదాకా చూసి పోతాలే," అన్నాను. అది సాకు. అందరికీ అర్థమైనట్టే ఉంది.

తొట్టి పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. కోమలి మళ్ళీ పాలు కొలవడం మొదలుపెట్టింది. క్యాన్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నెంబరు తొమ్మిది దగ్గర ఉన్నప్పుడు చంద్రకాంతమ్మ తిరిగి వచ్చింది.

"వస్తాదంట. మామిడి పని ఈ వారంతో అయిపోతాదంట. సోమవారం నుంచి వస్తాదంట," అని అందరికీ చెప్పింది. తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో, "తొట్టి నువ్వు బాగనే కడిగినావు అని ఆయమ్మికి చెప్పినా. ఊరికే తల ఊపింది," అంది.

ఆమె క్యాను అందుకుని పోబోతుంటే అడగకుండా ఉండలేకపోయాను.

"నన్ను గురించి ఏమన్నా అనిందా?"

చంద్రకాంతమ్మ ఆగి, ఆలోచించి చూసింది.

"లేదప్పా. నీ పేరే ఎత్తలేదు."